విదేశీ చదువుకు వైకల్య ధ్రువీకరణ

విదేశీ విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థికి వైకల్యం వల్ల పాఠం వినడంలోనో, పుస్తకం చదవడంలోనో, పరీక్ష రాయడంలోనో, క్యాంపస్‌లో తిరగడంలోనో ఎదురయ్యే ఇబ్బందిని నిపుణుల నివేదికలతో నిరూపించి, తగిన ఏర్పాట్లు కోరే ప్రక్రియే వైకల్య ధ్రువీకరణ. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, జర్మనీ విశ్వవిద్యాలయాల్లో ఈ పని చూడటానికి ప్రత్యేక కార్యాలయమో, ప్రత్యేక సలహాదారో ఉంటారు. పరీక్షలో అదనపు సమయం, నోట్సు రాసిపెట్టే మనిషి, పాఠానికి క్యాప్షన్లు, సైగల భాష అనువాదకులు, స్క్రీన్ రీడర్ చదవగల పుస్తకాలు, మెట్లెక్కే పని లేని గది వంటివి వారి ద్వారానే అందుతాయి. ఇంగ్లీషు దరఖాస్తుల్లో వీటిని అకామడేషన్లు అంటారు. తెలుగునాట అకామడేషన్ అంటే బస. ఆ మాట చూసి ఇది హాస్టల్ గదికి పెట్టుకునే దరఖాస్తేనని విద్యార్థి పొరబడవచ్చు. ఈ వ్యాసంలో సదుపాయం అన్న మాట వైకల్యానికి తగిన ఏర్పాటు అన్న అర్థంలోనే వస్తుంది.

పల్నాడు జిల్లా చిలకలూరిపేట వంటి పట్టణం నుంచి బయలుదేరే విద్యార్థి చేతిలో సాధారణంగా ఉండేది సదరం సర్టిఫికెట్. పింఛనుకు, బస్సు పాసుకు, కాలేజీ సీటులో రిజర్వేషన్‌కు అది చాలు. విదేశీ విశ్వవిద్యాలయం అడిగేది దాన్ని కాదు. సదరం పత్రం వైకల్యం ఎంత శాతమో చెబుతుంది. అక్కడివారికి కావలసిన నివేదిక ఆ వైకల్యంతో ఏ పని ఎందుకు కష్టమవుతుందో, ఏ ఏర్పాటు చేస్తే ఆ కష్టం తగ్గుతుందో చెప్పాలి. ఈ తేడా ఊళ్లో ఉండగానే తెలిసినవారు నివేదికతో విమానం ఎక్కుతారు. తెలియనివారి మొదటి సెమిస్టరు కాగితాల వెంట తిరగడంలోనే గడిచిపోతుంది.

సదరం, యూడీఐడీ

భారతదేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016లో చేసి 2017 ఏప్రిల్ 19 నుంచి అమలు చేసిన వికలాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. ఆటిజం, డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు, మల్టిపుల్ స్క్లెరోసిస్, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి, యాసిడ్ దాడి బాధితులు ఆ జాబితాలోకి వచ్చారు. ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్ల రిజర్వేషన్, మరికొన్ని హక్కులు 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికే దక్కుతాయి. అందుకే తెలుగు కుటుంబాల్లో వైకల్యం మాట వస్తే మొదట వినిపించే ప్రశ్న ‘ఎంత శాతం వేశారు?’ అన్నదే.

సదరం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సొంతంగా రూపొందించుకున్న వైకల్య నిర్ధారణ వ్యవస్థ. మీసేవలోగానీ సచివాలయంలోగానీ స్లాట్ తీసుకుని, కేటాయించిన ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యుల ముందు హాజరవ్వాలి. చిలకలూరిపేటవారు ఇందుకు నరసరావుపేటకో, గుంటూరుకో వెళ్లవలసి వస్తుంటుంది. దేశవ్యాప్త గుర్తింపు కార్డు యూడీఐడీ తరువాత వచ్చింది. 2021 జూన్ 1 నుంచి వైకల్య ధ్రువపత్రాలన్నీ ఆ పోర్టల్ ద్వారానే ఇవ్వాలని కేంద్రం నిర్దేశించింది. 2024లో సవరించిన నిబంధనల ప్రకారం 40 శాతంలోపు వైకల్యానికి తెల్ల కార్డు, 40 నుంచి 80 శాతం లోపు పసుపు కార్డు, 80 శాతం, ఆపైన ఉంటే నీలం కార్డు ఇస్తారు.

శాతం లెక్కకు ఒక పద్ధతుంది. రెండు వైకల్యాలు ఉన్న మనిషికి రెండు శాతాలనూ నేరుగా కూడరు. 90లోంచి పెద్ద శాతాన్ని తీసివేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలుపుతారు. కాలికి 40 శాతం, చెవికి 30 శాతం ఉంటే మొత్తం 70 కాదు, సుమారు 57. ఈ లెక్క పింఛను అర్హత తేల్చడానికి బాగా పనికొస్తుంది. ఆ విద్యార్థి మూడు గంటల పరీక్ష కూర్చుని రాయగలడా, రెండు వందల మంది ఉన్న హాలులో ప్రొఫెసర్ మాట వినగలడా అన్నది మాత్రం 57 అన్న అంకెలో కనిపించదు. అయినా సదరం పత్రాన్ని పక్కన పడేయకూడదు. వైకల్యం చాలాకాలంగా ఉందని, ప్రభుత్వ వైద్యులు చూశారని చెప్పే సాక్ష్యంగా దాన్ని నివేదికకు జతచేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు అయ్యాక అందరి దృష్టీ ఆ శాతం మీదే నిలిచింది. చదువుకు ఆ కాగితం సగమే అన్న సంగతి కుటుంబాల దాకా రావడం లేదు.

జాబితాలో లేనివారు

భారతీయ జాబితాకు, విదేశీ చట్టాలకు పొంతన లేని చోట్లు చాలా ఉన్నాయి. చాలా సందర్భాల్లో ఆ తేడా విద్యార్థికి మేలే చేస్తుంది. 2016 చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టం ఉంటేనే వినికిడి లోపం కింద లెక్క. 45 డెసిబెల్స్ నష్టం ఉన్నవారికి, ఒక చెవి పూర్తిగా పోయి రెండోది బాగున్నవారికి ఇక్కడ ధ్రువపత్రం దొరకడం కష్టం. అమెరికాలో డెసిబెల్స్ గీత ఏదీ లేదు. వినడం అనే పని గణనీయంగా దెబ్బతిన్నదా లేదా అన్నదే అక్కడ ప్రశ్న, కాబట్టి ఆ విద్యార్థి క్యాప్షన్లు అడగవచ్చు. ఏడీహెచ్‌డీ అనే అవధాన లోపం 21 వైకల్యాల్లో లేదు. ఇన్సులిన్ మీద ఆధారపడే మధుమేహం, తీవ్రమైన ఉబ్బసం, పేగుపూత వ్యాధి కూడా లేవు. ఈ ఇబ్బందులున్న విద్యార్థికి సదరం స్లాటే దొరకదు. అమెరికాలోనో, బ్రిటన్‌లోనో వాటి తీవ్రతను బట్టి అదే విద్యార్థి చట్టం దృష్టిలో వైకల్యం ఉన్న మనిషి కావచ్చు, పరీక్ష మధ్యలో విరామం అడగవచ్చు. ‘నాకు సర్టిఫికెట్ లేదు కాబట్టి నాకేమీ రాదు’ అనుకోవడం ఈ విషయంలో జరిగే అతిపెద్ద పొరపాటు.

శాతం కంటే పనికి విలువ ఇచ్చే దృష్టి భారతీయ న్యాయస్థానాల్లోనూ బలపడుతోంది. రైటర్స్ క్రాంప్ అనే చేతి సమస్య ఉన్న వికాస్ కుమార్ అనే అభ్యర్థి కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తీర్పు ఇస్తూ, 40 శాతం వైకల్యం లేకపోయినా రాయడం కష్టమైన అభ్యర్థికి పరీక్ష రాసిపెట్టే స్క్రైబ్‌ను ఇవ్వాలని చెప్పింది. దాని ఫలితంగా 2022 ఆగస్టులో కేంద్రం కొత్త మార్గదర్శకాలు జారీచేసింది. 2024 అక్టోబరులో ఓంకార్ రామచంద్ర గోండ్ కేసులోనూ, శాతం అంకె ఒక్కటే చూసి ఎంబీబీఎస్ సీటు నిరాకరించకూడదని అదే న్యాయస్థానం తేల్చింది.

ఈ పోరాటాల్లో తెలుగునాట బాగా తెలిసిన పేరు బొల్లా శ్రీకాంత్. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో 1991లో పుట్టుకతోనే చూపు లేకుండా జన్మించారు. పదో తరగతి తరువాత సైన్సు తీసుకోనివ్వకపోతే న్యాయస్థానం దాకా వెళ్లి సాధించుకున్నారు. ఇంటర్మీడియట్‌లో 98 శాతం మార్కులు తెచ్చుకున్నా ఐఐటీ కోచింగ్ సంస్థలు చేర్చుకోలేదు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ చేర్చుకుంది. అక్కడ మేనేజ్‌మెంట్ డిగ్రీ చదివి తిరిగొచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. ఇక్కడ ఆయన్ను అడిగిన ప్రశ్న ‘నువ్వు చదవగలవా?’ అన్నది. విదేశీ విశ్వవిద్యాలయపు వైకల్య కార్యాలయం అడిగే ప్రశ్న ‘చదవడానికి నీకేం కావాలి?’ అన్నది. ఈ రెండో ప్రశ్నకు కాగితం మీద ఇచ్చే జవాబే వైకల్య నివేదిక.

దేశదేశాల చట్టాలు

అమెరికాలో మూలం 1973 నాటి పునరావాస చట్టంలోని సెక్షన్ 504. ఫెడరల్ ప్రభుత్వ నిధులు అందుకునే ఏ సంస్థ అయినా వైకల్యం పేరుతో వివక్ష చూపరాదని అది చెబుతుంది. 1990 జూలై 26న వచ్చిన వికలాంగ అమెరికన్ల చట్టం ఆ రక్షణను మరింత విస్తరించింది. పేరులో అమెరికన్లు అని ఉన్నా అక్కడి విశ్వవిద్యాలయంలో చదివే విదేశీ విద్యార్థికీ అది వర్తిస్తుంది. 2008లో చేసిన సవరణ మన విద్యార్థులకు చాలా ముఖ్యమైనది. వైకల్యం ఉందో లేదో చూసేటప్పుడు మందు వల్ల, వినికిడి యంత్రం వల్ల కలిగే మేలును లెక్కలోకి తీసుకోకూడదని అది చెప్పింది. మామూలు కళ్లద్దాలకు మాత్రం ఈ మినహాయింపు లేదు. వచ్చిపోయే జబ్బుల విషయంలో, జబ్బు వచ్చినప్పటి స్థితినే చూడాలని కూడా చెప్పింది. కాబట్టి ‘మందులతో అదుపులో ఉంది’ అని రాసి వదిలేసే వైద్యుడి లేఖ విద్యార్థికి అన్యాయమే చేస్తుంది. మందు వేసుకున్నా మిగిలే ఇబ్బంది ఏమిటి, మందు వల్ల వచ్చే మగత, వణుకు చదువు మీద ఎలా పడతాయి అన్నది కూడా రాయించుకోవాలి.

అమెరికా పాఠశాలల్లో పిల్లలకు కావలసినవి వెతికి ఇవ్వడం బడి బాధ్యత. విశ్వవిద్యాలయంలో అడగడం విద్యార్థి బాధ్యత. సీటు ఇవ్వకముందు వైకల్యం గురించి ఆరా తీయడాన్ని సెక్షన్ 504 నిబంధనలు నిషేధిస్తాయి. అంటే నివేదిక పంపవలసింది సీటు ఖాయమయ్యాకే, అదీ ప్రవేశాల విభాగానికి కాదు, వైకల్య కార్యాలయానికి. ఈ కార్యాలయాల ఉద్యోగుల సంఘం అహెడ్ 2012లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం మొదటి ఆధారం విద్యార్థి తన నోటితో చెప్పుకునేది, రెండోది అధికారి మాట్లాడి గమనించేది, కాగితాలు మూడోది. అందుకే చాలాచోట్ల వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ ఉంటుంది. తండ్రో, మేనమామో పక్కన కూర్చుని సమాధానాలు చెప్పే అలవాటు అక్కడ చెల్లదు. తన ఇబ్బందిని తనే రెండు మూడు వాక్యాల్లో చెప్పడం విద్యార్థి సాధన చేసుకోవాలి.

బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం వర్తిస్తుంది. రోజువారీ పనుల మీద గణనీయమైన ప్రభావం, కనీసం 12 నెలలు ఉండటం లేదా ఉండబోవడం ఆ చట్టంలో వైకల్యానికి గుర్తులు. దరఖాస్తులో వైకల్యం గురించి ఒక ప్రశ్న ఉంటుంది. అక్కడ నిజం చెబితే ఏర్పాట్లు ముందే మొదలవుతాయి. స్థానిక విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే వికలాంగ విద్యార్థుల భత్యం మన విద్యార్థులకు సాధారణంగా రాదు. తగిన సదుపాయాలు కల్పించే బాధ్యత మాత్రం విశ్వవిద్యాలయానికి ఉంటుంది. ఆస్ట్రేలియాలో 1992 నాటి వివక్ష నిరోధక చట్టం, దాని కింద 2005లో వచ్చిన విద్యా ప్రమాణాలు ఆధారం. కెనడాలో ఇది రాష్ట్రాల మానవహక్కుల చట్టాల పరిధి. ఒంటారియోలో విద్యార్థి తన మానసిక రోగం పేరు చెప్పనక్కర్లేదు, దాని వల్ల ఏ పని కష్టమో వైద్యుడు రాస్తే చాలు. జర్మనీలో ప్రభుత్వ వైకల్య గుర్తింపు కార్డు లేకపోయినా, స్పెషలిస్టు వైద్యుడి లేఖతో పరీక్షల విషయంలో సర్దుబాటు కోరవచ్చు.

నివేదికలో ఏముండాలి

మంచి నివేదిక రెండు మూడు పేజీలకు మించనక్కర్లేదు. అభ్యసన వైకల్యం ఉన్నప్పుడు మాత్రం అది పొడవుగా ఉంటుంది. వైద్యుడి లెటర్‌హెడ్ మీద, ఇంగ్లీషులో, తేదీ, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో ఉండాలి. వైద్యుడైతే మెడికల్ కౌన్సిల్ నంబరు, క్లినికల్ సైకాలజిస్టో ఆడియాలజిస్టో అయితే 1992 చట్టంతో ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నంబరు వేయించుకోవాలి. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకుని ఆ నంబరు లేనివారు ఇచ్చిన లేఖకు విలువ ఉండదు. రాసే నిపుణుడు విద్యార్థికి బంధువై ఉండకూడదు. ఇంట్లోనే డాక్టరు ఉన్న కుటుంబాలు ఈ సంగతి మరిచిపోతుంటాయి.

లోపల రోగ నిర్ధారణ, అది ఎప్పటినుంచి ఉంది, ఏ పరీక్షలతో తేలింది, ఇప్పటి స్థితి, ఇకముందు మారే అవకాశం ఉందా అన్నవి ఉండాలి. అన్నింటికంటే బలమైన భాగం పని మీద ప్రభావం. ‘కుడిచేతి పట్టు తక్కువ’ అని రాస్తే చాలదు. ‘పది నిమిషాలకు మించి పెన్ను పట్టుకోలేడు, కీబోర్డు మీద గంటసేపు రాయగలడు, మధ్యలో అయిదు నిమిషాల విరామం కావాలి’ అని రాస్తే, అధికారి ఆ ఒక్క వాక్యంతోనే ఏర్పాటు చేయగలడు. ‘చూపు మందగించింది’ అన్నదాని బదులు ఏ సైజు అక్షరం ఎంత దూరం నుంచి కనిపిస్తుంది, బ్రెయిలీ చదువుతారా, తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడతారా అన్నది రాయించాలి. చూపు విషయంలో విజయవాడ దగ్గర తాడిగడపలోని ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, గుంటూరు దగ్గర పెదకాకానిలోని శంకర కంటి ఆసుపత్రి చిలకలూరిపేటవారికి దగ్గర. ఓపీలో వంద మందిని చూసే డాక్టరుకు ఇవన్నీ విడమరిచి రాసే తీరిక ఉండదు. విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో దొరికే ఖాళీ ఫారాన్ని ముద్రించి, ఏయే పనులు కష్టమో విద్యార్థి తన మాటల్లో ఒక పేజీ రాసుకుని వెళ్తే డాక్టరు పని తేలికవుతుంది, నివేదికా గట్టిగా వస్తుంది.

పాత రికార్డులు అదనపు బలం. పదో తరగతిలో స్క్రైబ్‌ను అనుమతించిన ఉత్తర్వు, ఇంటర్‌లో ఇచ్చిన అదనపు సమయం, జేఈఈలో మూడు గంటలకు మరో గంట కలిపిన హాల్ టికెట్, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రంలో శిక్షణ పొందిన కాగితాలు, ఇవన్నీ ఆ సదుపాయం ఇంతకుముందే వాడినట్టు రుజువు చేస్తాయి. పరీక్ష అయిపోగానే హాల్ టికెట్ పారేయడం మామూలే. వైకల్యం ఉన్న విద్యార్థి దాన్ని దాచుకోవాలి.

వినికిడి లోపం ఉన్నవారి విషయంలో భాష సమస్య ఇంకొకటి. ఇక్కడ భారతీయ సైగల భాష నేర్చుకున్న విద్యార్థికి అమెరికన్ సైగల భాష అనువాదకుణ్ణి ఇస్తే మొదట్లో ఏమీ అర్థం కాదు, అవి రెండు వేర్వేరు భాషలు. నివేదికలో ఆడియోగ్రామ్‌తోపాటు విద్యార్థి దేని ద్వారా పాఠం అందుకోగలడో స్పష్టంగా ఉండాలి. ఇంగ్లీషు బాగా చదవగలిగితే, మాట్లాడినది అక్కడికక్కడే తెరమీద అక్షరాలుగా వచ్చే క్యాప్షనింగ్ అడగడం మేలు.

డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ

అన్నింటికంటే చిక్కు ఇక్కడే. ఈ పిల్లలకు బడిలో దక్కిన పేరు సోమరి, మొద్దు. చురుగ్గా మాట్లాడే బిడ్డ పుస్తకం తెరవగానే తడబడితే ధ్యాస లేదని కొట్టిన రోజులే ఎక్కువ. అందుకే చిన్నప్పటి రికార్డు ఏదీ ఉండదు, వైకల్యం ఉందన్న సంగతి ఇరవై ఏళ్లు దాటాక, విదేశీ వర్సిటీ పాఠాల బరువు మీద పడ్డాక తెలుస్తుంది. రికార్డు ఉన్నా అది చాలకపోవచ్చు. మనదేశంలో అభ్యసన వైకల్య ధ్రువపత్రానికి ఎక్కువగా వాడుతూ వచ్చిన నిమ్‌హాన్స్ పరీక్ష చిన్నపిల్లల కోసం రూపొందింది. దాని మొదటి స్థాయి 5 నుంచి 7 ఏళ్లకు, రెండోది 8 నుంచి 12 ఏళ్లకు. 2018 మార్గదర్శకాల ప్రకారం ఈ ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండాక ఇచ్చి, 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్షిస్తారు. 18లో ఇచ్చినది జీవితాంతం చెల్లుతుంది. ఇక్కడ జీవితాంతం చెల్లినంత మాత్రాన విదేశీ విశ్వవిద్యాలయం దాన్నే ఒప్పుకోవాలని లేదు. పెద్దల ప్రమాణాలతో చేసిన బుద్ధి పరీక్ష, చదవడం, రాయడం, లెక్కల్లో వేగం, కచ్చితత్వం కొలిచిన పరీక్షలు, వాటి స్కోర్లు అంకెలతో సహా ఉన్న నివేదికను అది అడగవచ్చు. ఇలాంటి సమగ్ర పరీక్ష చేయగల క్లినికల్ సైకాలజిస్టుల కోసం పల్నాడు విద్యార్థి గుంటూరు, విజయవాడ, హైదరాబాదు లేదా బెంగళూరులోని నిమ్‌హాన్స్ దాకా వెళ్లవలసి రావచ్చు. పరీక్షకు ఒకటి రెండు రోజులు పడుతుంది, నివేదిక చేతికి రావడానికి వారాలు పట్టవచ్చు.

తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇంకో మెలిక ఉంది. ఇంగ్లీషులో చదివించి పరీక్షిస్తే ‘ఇది రెండో భాష కాబట్టి నెమ్మది’ అని అధికారి తోసిపుచ్చే వీలుంది. కాబట్టి ఇబ్బంది తెలుగులోనూ ఉందని నివేదిక చూపాలి. తెలుగులో ఉచ్చారణకూ రాతకూ దగ్గరి సంబంధం ఉండటంతో డిస్లెక్సియా ఉన్న పిల్లలు తప్పు చదవడం కంటే చాలా నెమ్మదిగా చదవడం, గుణింతాల్లో, ఒత్తుల్లో తడబడటం కనిపిస్తుంది. ప్రాథమిక పాఠశాల నోటు పుస్తకం ఏదైనా ఇంట్లో మిగిలి ఉంటే, పాత ఉపాధ్యాయుడు ఒక పేజీ రాసిస్తే అవి ఎంతో విలువైన ఆధారాలు.

జీఆర్‌ఈ నుంచి ఐఈఎల్‌టీఎస్ దాకా

సదుపాయాల అవసరం విశ్వవిద్యాలయంలో చేరాక కాదు, అక్కడికి చేర్చే పరీక్షల్లోనే మొదలవుతుంది. జీఆర్‌ఈ, టోఫెల్ నిర్వహించే ఈటీఎస్ సంస్థ సదుపాయం మంజూరయ్యాకే పరీక్ష తేదీ తీసుకోమంటుంది. ముందే తేదీ తీసుకుని తరువాత అడిగితే లాభం లేదు. అభ్యసన వైకల్యం, ఏడీహెచ్‌డీ నివేదికలు సాధారణంగా అయిదేళ్లలోపువై ఉండాలి, మానసిక ఆరోగ్య సమస్యలకు అంతకంటే చాలా తాజావి కావాలి. ఎస్‌ఏటీ నిర్వహించే కాలేజ్ బోర్డు పత్రాల పరిశీలనకు ఏడు వారాల దాకా తీసుకుంటుంది. ఐఈఎల్‌టీఎస్‌లో బ్రెయిలీ, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, అదనపు సమయం దొరుకుతాయి, వాటిని నెలల ముందే అడగాలి. ఒక పరీక్ష సంస్థ మంజూరు చేసిందంటే విశ్వవిద్యాలయం కూడా చేస్తుందని కాదు, కానీ ఆ మంజూరు లేఖను ఆధారంగా చూపవచ్చు.

పేరు, ఊరు

సదరం పత్రంలో పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా వేరే గడిలో ఉంటుంది. పదో తరగతి మెమోలో ఇంకోలా ఉండవచ్చు. తెలుగువారికి ఇది ఒకే మనిషని ఇట్టే తెలుస్తుంది, విదేశీ అధికారికి తెలియదు. కొత్త నివేదిక రాయించేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు వేయించడం, పాత పత్రాల్లో పొడి అక్షరం దేనికి నిలుస్తుందో ఒక వాక్యంలో చెప్పించడం మేలు. చిలకలూరిపేట 2022 ఏప్రిల్ 4 వరకు గుంటూరు జిల్లాలో ఉండేది, ఆ రోజు నుంచి నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలోకి వచ్చింది. దాంతో ఒకే ఇంటి చిరునామా పాత పత్రంలో ఒక జిల్లా, కొత్తదాంట్లో ఇంకో జిల్లా కనిపిస్తుంది. అదీ ఒక మాట చెప్పి ఉంచవలసిందే. తెలుగులో ఉన్న పాత వైద్య పత్రాలకు ఇంగ్లీషు అనువాదం జతచేయాలి.

గోప్యత, భయాలు

వైకల్యం సంగతి చెబితే సీటు పోతుందని, సంబంధాలు చెడతాయని, అక్కడ ఉద్యోగం రాదని కుటుంబాల్లో భయం ఉంది. మానసిక అనారోగ్యం విషయంలో అది మరీ ఎక్కువ. ఆ భయంతో పిల్లలు మందులు చాటుగా వేసుకుంటూ, సెమిస్టరు మధ్యలో కుప్పకూలేదాకా ఎవరికీ చెప్పకపోవడం నిజంగా బాధాకరం. వైకల్య కార్యాలయానికి ఇచ్చిన నివేదిక అక్కడే ఉంటుంది. ప్రొఫెసర్లకు వెళ్లే లేఖలో రోగం పేరు ఉండదు, ‘ఈ విద్యార్థికి పరీక్షలో ఒకటిన్నర రెట్ల సమయం ఇవ్వండి’ వంటి మాటలే ఉంటాయి. డిగ్రీ పట్టాలో, మార్కుల పత్రంలో సదుపాయాల ప్రస్తావన రాదు. అమెరికాలో 1974 నాటి విద్యా గోప్యతా చట్టం వల్ల, విద్యార్థి రాతపూర్వక అనుమతి ఇవ్వనిదే విశ్వవిద్యాలయం సాధారణంగా తల్లిదండ్రులకు కూడా వివరాలు చెప్పదు. చిలకలూరిపేట నుంచి ఫోను చేసిన తండ్రికి ఇది పరాయితనంగా తోస్తుంది. ఆ గోప్యత బిడ్డను కాపాడటానికే ఉన్నదని ముందే తెలిసి ఉంటే మంచిది. తన వైద్య రికార్డులు తీసుకునే హక్కు విద్యార్థికి ఇక్కడ కూడా ఉంది. మానసిక చికిత్స విషయంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ హక్కును స్పష్టంగా ఇచ్చింది.

వీసా, డబ్బు

అమెరికాలో ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి ప్రతి సెమిస్టరు పూర్తి కోర్సులు తీసుకోవాలి. డిగ్రీ స్థాయిలో అది 12 క్రెడిట్లు, పీజీలో విశ్వవిద్యాలయం నిర్ణయించినంత. వైద్య కారణం మీద తక్కువ కోర్సులు తీసుకోవడానికి, అవసరమైతే పూర్తిగా విరామం తీసుకోవడానికి వీలుంది. అది ఒక్కో చదువు స్థాయికి మొత్తం కలిపి 12 నెలలకు మించరాదు. దీనికి లైసెన్సున్న వైద్యుడు లేదా సైకాలజిస్టు లేఖ కావాలి, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయ అధికారి కోర్సు వదలకముందే ఆమోదించి విదేశీ విద్యార్థుల వివరాలు ఉండే సెవిస్ వ్యవస్థలో నమోదు చేయాలి. వైకల్య కార్యాలయం ‘తక్కువ కోర్సులు తీసుకోవచ్చు’ అన్నంత మాత్రాన వీసాకు రక్షణ దొరకదు. రెండు కార్యాలయాలూ వేరు, రెండు అనుమతులూ వేరు. ఈ ఒక్క తేడా తెలియక స్టేటస్ పోగొట్టుకుంటే తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

అనువాదకులు, క్యాప్షన్లు, బ్రెయిలీ పుస్తకాల ఖర్చు అమెరికాలో విశ్వవిద్యాలయానిదే, విద్యార్థి నుంచి రుసుము వసూలు చేయకూడదు. సొంత చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, స్నానానికి, దుస్తులు వేసుకోవడానికి తోడుండే మనిషి మాత్రం విద్యార్థి సొంత ఖర్చు. ఇంట్లో అమ్మ, అక్క చేసిపెట్టిన పనికి అక్కడ గంటల లెక్కన డబ్బు కట్టాలి, దాన్ని చదువు ఖర్చు లెక్కలో ముందే కలుపుకోవాలి. సహాయంగా కేంద్ర ప్రభుత్వ వికలాంగుల సాధికారత విభాగం 2014-15 నుంచి విదేశీ విద్యా ఉపకారవేతనం ఇస్తోంది. పీజీ, పీహెచ్‌డీలకు, ఏటా 20 మందికి. ఇక్కడ మళ్లీ శాతం అవసరం, 40, ఆపైన ఉండాలి. శాతం కాగితమూ, పని వివరించే నివేదికా రెండూ దగ్గరుండాలనేది ఇందుకే.

నివేదిక ఆమోదం పొందాక కూడా పని మిగిలే ఉంటుంది. చాలా అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో సదుపాయాల లేఖను విద్యార్థి ప్రతి సెమిస్టరూ కొత్తగా కోరుకుని, ఒక్కో ప్రొఫెసర్‌కు చేరేలా చూసుకోవాలి. లేఖ ప్రొఫెసర్‌కు చేరిన రోజు నుంచే సదుపాయం అమలవుతుంది. అంతకుముందు రాసి తప్పిన పరీక్షకు అది వర్తించదు.